గోడకు రెండు చేతులు

సిరిసిల్లలో మా ఈతకొలనుకు వచ్చే ఒక పిల్లను మేమందరం జపాన్ అని పిలిచేవాళ్ళం. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను, ఎవరి పేరూ రాయను. కొందరు బతికున్నారు, బతికిలేనివాళ్ళకు ఇళ్ళున్నాయి.

మొన్న మా మనవరాలి బడి పిల్లలు ఈత పోటీలకు పోతూ నా దగ్గరికి వచ్చారు. అమ్మమ్మా, నువ్వు కొలను దగ్గర నౌకరీ చేసినవట, మాకేమన్నా మంచి మాట చెప్పు అన్నారు. గెలిచే మాటలు నా దగ్గర లేవు పిల్లలూ. ఉన్నది ఒక్క సంగతి. నోటితో మొదలుపెట్టి సగంలోనే వంటింట్లోకి లేచిపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నేను పుట్టింది కోరుట్లలో. మా పొలం బావిలో మా అన్నలు నా నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి నీళ్ళలోకి తోశారు. అదే నా చదువు. పెళ్ళై సిరిసిల్లకు వచ్చాక ఇంట్లో కండెలు చుట్టాను, అంటే సాంచెలకు నూలు సిద్ధం చేసే పని. సాంచె అంటే మా దగ్గర కరెంటు మగ్గం. కొత్తగా ఈతకొలను కట్టినప్పుడు ఆడవాళ్ళ వేళల్లో ఒడ్డున నిలబడడానికి ఒక ఆడమనిషి కావలసి వచ్చింది. చదివినవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, ఈదగలిగిన ఆడది దొరకలేదు. నీకు ఏ ఈత వచ్చునమ్మా అని అడిగితే కప్ప ఈత అన్నాను. అడిగిన ఆఫీసరు నవ్వాడు. పక్కన కూర్చున్న కోచ్ సార్ నవ్వలేదు.

"దాన్నే బ్రెస్ట్ స్ట్రోక్ అంటరమ్మా," అన్నాడు. "దేశాలు దానికోసం కొట్లాడుతయి."

అట్లా నా మెడలో విజిల్ పడింది, చేతిలోకి వెదురు కర్ర వచ్చింది.

మేము ముగ్గురం ఆ కొలనును నడిపేవాళ్ళం. సార్ ఒకరు. నేనొకదాన్ని. మోటార్లు చూసుకుంటూ నీళ్ళలో మందు కలిపే ఆపరేటర్ ఒకడు. అతను నన్ను వదినె అనేవాడు, ఆ వరసకు తగ్గట్టే మాట్లాడేవాడు. నేను ఎండలో గొడుగు వేసుకుంటే, వదినె నీళ్ళల్ల నానబెట్టినా నల్లబడ్డది అనేవాడు. నీ నోట్లో కూడా కొంచెం మందు పోసుకోరాదు, శుద్ధమైతది అనేదాన్ని. రోజులు అట్లా బాగానే గడిచేవి.

సార్‌కు దేవుడు లేడు. జపానాయన ఉన్నాడు. ఆ ఆటగాడి అసలు పేరు సార్ రోజూ పలికేవాడు, నాకు నోరు తిరిగేది కాదు, నేను జపానాయన అనేదాన్ని. కప్ప ఈతలో లోకమంతా గెలిచినవాడు. సార్ యవ్వనంలో ఏదో పెద్ద పోటీలో గ్యాలరీలో కూర్చుని అతన్ని ఒక్కసారి కళ్ళారా చూశాడట. ఆ తర్వాత సార్ తాను ఈదడం గురించి మాట్లాడడం మానేసి, ఆయన ఈదడం గురించే మాట్లాడాడు.

ఆ కథ నాకు కంఠతా వచ్చు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. తండ్రి వలలు బాగుచేసేవాడు. పిల్లవాడికి ఆయాసం. నీళ్ళలో దింపితే ఊపిరి కుదురుతుందని తల్లి దింపింది. పొట్టివాడు. ఈ ఈతకు ఈ ఎత్తు చాలదని అందరూ అన్నారు, ఒక్క గురువు అనలేదు. ఆ గురువు చిన్నప్పటినుంచి చివరిదాకా వదలలేదు. మొదటి పెద్ద పోటీలో వేళ్ళంత తేడాతో ఓడి, ఇంటికి వచ్చి గదిలోనుంచి బయటికి రాలేదు. తర్వాత వచ్చాడు, గెలిచాడు. మోకాలు చెడింది. మంచుగడ్డ కట్టుకుని మళ్ళీ గెలిచాడు. చివరికి తన దేశంలోనే, తనను చూసి ఈత నేర్చుకున్న పిల్లల చేతిలో ఓడిపోయాడు. ఆ రోజు ఒడ్డెక్కి వెనక్కి తిరిగి, నడుము వంచి నీళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

సార్ ఈ కథలో ఒక్క మాట మార్చేవాడు కాదు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం ఉంది.

ఒక ఎండాకాలం సాంచెల కార్ఖానాలో పనిచేసే ఒకాయన తన బిడ్డను తీసుకుని వచ్చాడు. ఎల్లారెడ్డిపేట దిక్కు పల్లెవాళ్ళు, పనికోసం సిరిసిల్లకు వచ్చి ఉంటున్నారు. తల్లి బీడీలు చేస్తుంది, పిల్ల కూడా బడినుంచి వచ్చి బీడీల చేట ముందు కూర్చుంటుంది. ఆయన లోపలికి వచ్చి కొలను చుట్టూ నడిచాడు. వెతుకుతున్నాడు.

"మెట్లేవి?" అన్నాడు.

"మెట్లుండయన్నా, ఇనుప నిచ్చెన ఉంటది," అన్నాను.

"మెట్లు లేని నీళ్ళల్ల పిల్లను ఎట్ల దింపుత?"

ఆపరేటర్ అందుకుని, మెట్లు కావాలంటే వేములవాడ గుడికి పోవాలె గానీ ఈడికెందుకు వచ్చినవన్నా అన్నాడు. ఆయన నవ్వలేదు. పక్కకు వచ్చి నాకు ఒక్కదానికే చెప్పాడు. ఆయనకు మొదట ఒక కొడుకు ఉండేవాడు. ఊళ్ళో బావిలో ఈది వచ్చి, అలసిపోయి, రెండు చేతులూ ఒకేసారి మెట్టు మీద వేశాడు. రాయి మీద పాకురు. రెండూ ఒకేసారి జారాయి. ఆపుకోవడానికి నీళ్ళలో చెయ్యి లేదు. నెత్తికి రాయి తగిలింది. పైకి రాలేదు.

ఆ తర్వాత ఆ తండ్రి చెయ్యగలిగింది ఒకటే. ఈ బిడ్డకు తానే దగ్గరుండి ఈత నేర్పాడు. నేర్పినన్నాళ్ళూ ఒకే మాట అన్నాడు. ఒక చెయ్యి రాయి మీద, ఒక చెయ్యి నీళ్ళల్ల. రాయి జారితే నీళ్ళు పడతాయి. మా బావుల దిక్కు ఈత నేర్చినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు, కానీ ఆయన దాన్ని పిల్ల ఒంట్లో ఇంకిపోయేలా నేర్పాడు.

పిల్ల దిగింది. అటు పోయి ఇటు వచ్చింది. సార్ కుర్చీలోనుంచి లేచాడు. కాళ్ళతో ఒక్కసారి తన్ని, ఆగి, నీళ్ళ మీద జారిపోతోంది. ఆ ఆగడం ఎవరూ నేర్పనిది. మేము ఏళ్ళుగా పిల్లలకు చెప్పి చెప్పి విసిగిపోయింది అదే. తన్నాక ఆగు, నీళ్ళు నిన్ను మోసుకపోతయి, తొందరపడకు అని.

"జపాన్," అన్నాడు సార్. అంతే. ఆ రోజునుంచి అదే పేరు.

అన్నీ ఉన్నాయి, ఒక్కటి లేదు. కప్ప ఈతలో ఒక చట్టం ఉంది. మలుపులో గానీ చివర గానీ గోడను రెండు చేతులతో, ఒకేసారి ముట్టాలి. ఒక్క చెయ్యి ముడితే ఎంత ముందున్నా లెక్కలోకి రాదు. మా పిల్ల ప్రతిసారీ కుడి చెయ్యి గోడకు ఆనించి ఎడమ చెయ్యి నీళ్ళలో ఉంచేది.

సార్ తిట్టలేదు. జపానాయన గోడకు దండం పెట్టినట్టు ముడతడు, నువ్వు కూడా దండం పెట్టు అనేవాడు. పిల్ల దండం పెట్టడం నేర్చుకుంది. మొదట్లో అలసినప్పుడల్లా ఎడమ చెయ్యి వెనకపడేది. నేను ఒడ్డున వెదురు కర్ర గోడకు అడ్డంగా పట్టుకుంటే రెండు చేతులతో పట్టుకోవాలి. అట్లా ఎన్ని పొద్దులు నిలబడ్డానో. ఏడాది తిరిగేసరికి తప్పడం ఆగిపోయింది. తండ్రి వారం సెలవు రోజున వచ్చి గేటు దగ్గర నిలబడి చూసేవాడు. రెండు చేతులు గోడకు పడగానే ముఖం పక్కకు తిప్పుకునేవాడు. అది చూడలేకపోయేవాడు.

జగిత్యాలలో ఎంపిక పోటీలు పెట్టారు. గెలిచిన పిల్లకు హైదరాబాదులో ఆటల హాస్టల్లో సీటు. తిండి, చదువు, ఈత అన్నీ అక్కడే. ఓడితే చేట ముందుకు తిరిగి రావడమే, ఎందుకంటే మరుసటి ఏటికి ఆ పిల్ల వయసు దాటిపోతుంది. ఆ పిల్లకు ఇది తెలుసు. బస్సులో పోతుంటే, పెద్దమ్మా, హాస్టల్ల మంచం ఉంటదా కింద పండాల్నా అని అడిగింది. మంచమే ఉంటది అన్నాను. నేనేమీ చూసిరాలేదు.

తండ్రి కూడా పని మానుకుని వచ్చాడు.

పోటీ మొదలయ్యే ముందు ఒక చిక్కు వచ్చింది. ఒక్కొక్కరు ఈదడానికి తాడుతో విడదీసిన గడి ఉంటుంది, ఒక్కో గడి చివర ఒక మనిషి నిలబడి చేతులు సరిగ్గా ముట్టారా లేదా చూడాలి. ఆడపిల్లల పోటీలకు రావలసిన ఒక మేడమ్ రాలేదు. మా సార్ నన్ను ముందుకు తోశాడు. ఈ అమ్మ చూపు డేగ చూపు, ఏళ్ళసంది ఒడ్డు మీదనే ఉన్నది అని గొప్పగా చెప్పాడు. పెద్ద రిఫరీ సరే అన్నాడు. తీరా చూస్తే నా గడిలో మా పిల్లే.

ఈ పిల్ల మా పిల్లే సారూ, నన్ను వేరే గడికి మార్చండి అని అడిగాను. అప్పటికి పిల్లలు దిమ్మెలెక్కి నిలబడ్డారు. రిఫరీ విసుక్కున్నాడు.

"ఈడ అందరు ఎవరికో ఒకరికి సొంతమేనమ్మా. తప్పు కనబడితే చెయ్యెత్తు, లేకుంటే దించుకోని నిలబడు. అంతే పని."

విజిల్ పడింది. ఆ ఈత నేను ఎన్నిసార్లు కళ్ళు మూసుకుని చూసుకున్నానో. మా పిల్ల ఎప్పటిలాగే తొందరపడలేదు. మొదటి మలుపులో గోడకు దండం. పక్క గడిలో జగిత్యాల పిల్ల ఒకతె, పొడగరి, మోటారు లాగా వస్తోంది. ప్రతి మలుపులో మా పిల్ల రెండు చేతులూ ఆనించింది. చివరిసారి ఇవతలికి ఈదుకుంటూ వచ్చేటప్పుడు ఇద్దరూ సమానంగా ఉన్నారు. అప్పుడు ఆ పొడుగు పిల్ల తన్నిన తన్నుకు అల లేచి, ఊపిరి తీసుకుంటున్న మా పిల్ల నోట్లోకి నీళ్ళు పోయాయి.

అది నాకు కనబడింది. ఒడ్డు మీద ఏళ్ళు నిలబడ్డదాన్ని, నీళ్ళు మింగిన ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కళ్ళు మారిపోతాయి. అక్కడినుంచి ఆ పిల్ల జగిత్యాల కొలనులో లేదు. బావిలో ఉంది. తన్నింది, జారింది, ముందుకు వచ్చింది, ఆ పొడుగు పిల్లకంటే మూరెడు ముందు వచ్చి గోడ ముట్టింది.

కుడి చేత్తో.

ఎడమ చెయ్యి నీళ్ళలోనే ఉంది, అరచెయ్యి కిందికి వంచి, నీళ్ళను అదిమిపట్టుకుని.

చుట్టూ చప్పట్లు. సార్ కుర్చీ మీదికి ఎక్కి అరుస్తున్నాడు. నురుగులో ఎవరికీ ఏమీ కనబడలేదు. నా చెయ్యి పైకి లేచి ఉంది. నేను ఎత్తానని నాకు గుర్తు లేదు. మునిగేవాళ్ళను చూస్తే విజిల్ నోట్లోకి తానే పోతుంది చూడండి, అట్లా లేచింది.

రిఫరీ దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. గొంతు తగ్గించి అడిగాడు.

"మంచిగ చూసినవా అమ్మా? మీ పిల్లనే గద. నీళ్ళు ఎగిరినయి. కనబడలేదంటే కనబడలేదని రాస్త."

పిల్లలూ, చెయ్యి లేవడం నా చేతిలో లేదేమో, దించడం నా చేతిలోనే ఉంది. రిఫరీ నాకు తప్పించుకునే తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. అటు సార్ కుర్చీ మీదనుంచి దిగుతున్నాడు. నా ముందు నీళ్ళలో మా పిల్ల దగ్గుతూ, నవ్వుతూ నా ముఖంలోకి చూస్తోంది. పక్క గడిలో ఆ పొడుగు పిల్ల రెండు చేతులూ గోడకు ఆనించి, వాటి మధ్య తల వాల్చి ఏడుస్తోంది. ఓడిపోయాననుకుని.

"చూసిన," అన్నాను. "ఒక్క చెయ్యే."

ఆ తర్వాత జరిగింది చిన్నదే. ఫలితం మార్చి చదివారు. మా పిల్ల అరవలేదు, కొట్లాడలేదు. ఒడ్డెక్కి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, నిజంగనే ఒకటేనా? నాకు యాదికి లేదు."

ఒకటే బిడ్డా అన్నాను. తల ఊపింది. కొలను వైపు తిరిగి, రెండు చేతులూ తొడలకు ఆనించుకుని, నడుము వంచి నీళ్ళకు దండం పెట్టింది. సార్ కథలో చివరిమాట అది. ఎప్పుడూ వింటూ ఉండేది, నేర్చుకుందని మాకు తెలియదు. సార్ అది చూసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తండ్రి స్నానాల గది పక్కన నా కోసం చూస్తున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను కూడా.

"అక్కా, ఏ చెయ్యి ఆనింది?"

"కుడి చెయ్యి."

"ఎడమ చెయ్యి ఏడున్నది?"

"నీళ్ళల్లనే ఉన్నదన్నా. అదిమి పట్టింది."

ఆయన తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను చెప్పిందే చేసింది," అన్నాడు.

అందులో ఎంత సంతోషం ఉందో, ఎంత ఏడుపు ఉందో నేను ఇప్పటికీ విడదీయలేదు.

తిరుగు బస్సులో నలుగురం ఎవరి సీట్లో వాళ్ళం. వేములవాడలో గుండ్లు చేయించుకున్న జాతర జనం ఎక్కి, పిల్లలు ఏడుస్తూ, బెల్లం ప్రసాదం పంచుతూ బస్సంతా నిండిపోయింది. ఆ గోలలో సార్ వెనక్కి వంగి పిల్లకు చెప్పడం మొదలుపెట్టాడు. జపానాయనకు కూడా చిన్నప్పుడు ఒకసారి ఇట్లనే అయింది, ఒక్క చేత్తో ముట్టి ఓడిపోయిండు, మళ్ళా వచ్చి గెలిచిండు అని. ఊరు పేరు చెప్పాడు. గురువు ఏమన్నాడో చెప్పాడు. నేను ఆ కథ ఎన్నో వందల సార్లు విన్నదాన్ని. అందులో ఆ ముక్క లేదు.

పిల్ల కిటికీలోనుంచి తల తిప్పకుండానే వింది.

"సార్, గా ముచ్చట ఇయ్యాలనే పుట్టింది," అన్నది.

సార్ ముందుకు తిరిగాడు. ఆ మనిషి అబద్ధం ఆడడం నేను చూసింది ఆ ఒక్కసారే. అదీ చెల్లలేదు. ఆ ఏడాది తర్వాత కొత్త పిల్లలకు ఈత నేర్పాడు గానీ, జపానాయన కథ మాత్రం మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. ఆపరేటర్ ఒకసారి, ఏంది సార్, మీ జపాన్ మునిగిందా అని నవ్వించబోయాడు. సార్ లేచి గేటుదాకా నడిచిపోయాడు. ఆపరేటర్ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, వదినె, నా నోట్లో మందు పోసుకోమన్నవు గద, అప్పుడే పోసుకునేది ఉండె అన్నాడు.

నాతో సార్ మాట్లాడడం మానలేదు. అది మరీ కష్టం. మాట్లాడాడు, పని చెప్పాడు, పండగకు బట్టలు పెట్టాడు. కానీ మునుపటి మాదిరి ఒడ్డున నా పక్కన వచ్చి నిలబడలేదు. ఊళ్ళోవాళ్ళు కొందరు ఎంత నిజాయితీగల ఆడది అన్నారు. బీడీలు చేసే ఆడవాళ్ళు కొందరు, ఆమె చెయ్యి విరగ అన్నారు. రెండూ నేను విన్నాను. పోటీకి వెళ్ళేరోజు ఎట్లా కూర్చుని తిన్నానో, వచ్చినరోజూ అట్లాగే కూర్చుని తిన్నాను. ఇప్పటికీ ఆ చెయ్యి దించి ఉండవలసిందని నేను అనను. ఎత్తినందుకు గొప్పగానూ లేదు.

పిల్ల కొన్నాళ్ళు వచ్చింది. ఈదేది, గోడ దాకా పోకుండా మధ్యలోనే తిరిగి వచ్చేది. తర్వాత రాలేదు. సాంచెలు బందయ్యి తండ్రి భీవండికి పోయాడు. అక్కడ మగ్గాల మధ్యనే ఊపిరితిత్తులు చెడి, తిరిగి వచ్చింది మనిషి కాదు, దగ్గు. ఆ దగ్గు కూడా ఒక చలికాలంలో ఆగిపోయింది. ఆయన పోయినరోజు నేను పోయాను. పిల్ల నన్ను చూసి లేచి చాప వేసింది. పెద్దమ్మా కూసో అన్నది. చేట పక్కకు జరిపింది. వేళ్ళకు తంబాకు వాసన. ఆ మరుసటి ఏడు వాళ్ళ ఊరి దిక్కే పెళ్ళి చేసి పంపారు.

నేను నౌకరీ దిగిపోయాక, ఈ మధ్యనే, ఎల్లారెడ్డిపేట దిక్కు చుట్టాల ఇంట్లో దినాలకు పోయాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆడవాళ్ళం పొలం గట్టున నడుస్తుంటే బావిలోనుంచి నీళ్ళ చప్పుడు, ఒక గొంతు వినబడ్డాయి.

"తన్నినంక ఆగు. తొందరపడకు."

ఒడ్డుకు పోయి తొంగిచూశాను. కింద మెట్టు మీద నడుముదాకా నీళ్ళలో మా జపాన్ నిలబడి ఉంది. కొంగు బిగించి చెక్కుకుంది. చేతిలో తాడు, తాడు రెండో కొసకు ఒక చిన్న ఆడపిల్ల, నడుముకు బెండు. ఆ పిల్ల తన్నుతూ, జారుతూ మెట్టు వైపు వస్తోంది.

"ఒక చెయ్యి రాయి మీద," అంటోంది తల్లి. "ఒక చెయ్యి నీళ్ళల్ల. రాయి జారుతది బిడ్డా, నీళ్ళను ఇడువకు."

నా నీడ నీళ్ళ మీద పడ్డట్టుంది. తల ఎత్తి చూసింది. గుర్తు పట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"పెద్దమ్మా," అన్నది. "గిక్కడ చెయ్యెత్తకు."

నవ్వుతూ అన్నదో, నవ్వకుండా అన్నదో పైనుంచి కనబడలేదు. బావి లోతుది. నేను రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఆ ఒడ్డునే కూర్చున్నాను, ఆ చిన్నపిల్ల రాయి అందుకునేదాకా.